ముప్పై ఒక్క కిలోలు

“ముప్పై ఒకటి!” అంది కౌంటరులోని అమ్మాయి. “ఇరవై మూడు దాటకూడదమ్మా. ఎనిమిది కిలోలు తీసెయ్యండి.”

టైలరమ్మ తూకం అంకెల వంక ఇంకోసారి చూసింది.

పెట్టెను పక్కకు ఈడ్చుకెళ్ళి, విమానాశ్రయం నేల మీదే తెరుచుకుని కూర్చుంది.

పరాయి దేశంలో అక్క కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, రక్తానికి వచ్చిన జబ్బుతో ఆసుపత్రిలో ఉంది. ఈ వారమే పెద్ద చికిత్స. అక్కకు తోడుగా మూడు నెలలు ఉండడానికి ఈ ప్రయాణం. గొట్టాలకు అడ్డం రాకుండా ముందువైపు తెరుచుకునే గౌన్లు ఆరు, జుట్టు రాలిన తలకు మెత్తటి టోపీలు పన్నెండు తనే కుట్టింది. వీటిలో ఏది తీసేస్తుంది?

“ముందు ఆ అట్టపెట్టెలు పారెయ్యండమ్మా.”

తల తిప్పి చూసింది. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన. భుజాన చిన్న సంచీ, ఒళ్ళో ఒక నీలం పెట్టె.

“అవి బూట్లండీ. మా అక్కకి.”

“పెట్టెలో మళ్ళీ పెట్టెలెందుకు? బరువు దండగ. బూట్ల కడుపు ఖాళీగా ఉంది చూడండి, మేజోళ్ళు కుక్కండి.”

టైలరమ్మ కుక్కింది.

“సబ్బులు, షాంపూ సీసాలు తీసెయ్యండి. అక్కడివాళ్ళూ స్నానాలు చేస్తారు. తువ్వాళ్ళు నాలుగెందుకు? ఒకటి చాలు. బట్టలు మడత పెట్టకండి, చాపలా చుట్టండి.”

చెప్పినట్టే చేసింది. తీసేసినవన్నీ అక్కడ నేల తుడుస్తున్నావిడకు ఇచ్చేసింది.

“మీరంత జాగ్రత్తగా పట్టుకున్న ఆ టోపీలు చేతిసంచీలో పెట్టుకోండి. దిగగానే కావలసినవి చేతిలోనే ఉండాలి. పెద్దపెట్టె దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది.”

పెట్టె మూత పడలేదు. టైలరమ్మ దాని మీద కూర్చుని ఆపసోపాలు పడింది.

“కాస్త ఈ మూల నొక్కిపట్టండి బాబాయిగారూ!”

“నొక్కలేనమ్మా,” అన్నాడాయన, నీలం పెట్టె మీద చేతులు తియ్యకుండానే.

‘గట్టు మీద కూర్చుని ఈత నేర్పడమంటే ఇదే,’ అనుకుంది టైలరమ్మ. మోకాలితో తొక్కి జిప్పు తనే లాగింది.

మళ్ళీ తూచారు. ఇరవై అయిదు.

అడుగున ఉన్న మందపాటి దుప్పటి లాగి తెచ్చింది. “మీకు సామానేం లేదు కదండీ. ఈ ఒక్కటీ మీ లెక్కలో వేయించుకోండి. దిగగానే తీసేసుకుంటాను.”

“కుదరదమ్మా. ఇంకొకరి సామాను నాతో రాకూడదు.”

“దుప్పటికేనా అంత?”

“భుజాల చుట్టూ కప్పుకోండి. ఒంటి మీదున్నదాన్ని ఎవరూ తూచరు. విమానంలో చలి కూడా.”

కప్పుకుంది. క్యూలో ఇద్దరు కిసుక్కుమన్నారు. పెట్టె సరిగ్గా ఇరవై మూడు తూగింది. ఆయన నవ్వుతూ తలాడించాడు. టైలరమ్మ చూడనట్టే వెళ్ళిపోయింది.

తీరా ఎక్కాక చూస్తే పక్క సీటు ఆయనదే.

“ఆ పెట్టె పైన పెట్టండి సార్,” అంది ఎయిర్‌హోస్టెస్.

ఆయన ఏదో కాగితం చూపించాడు. ఆమె మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. పెట్టె ఆయన పాదాల మధ్యే ఉండిపోయింది.

పదకొండు గంటల ప్రయాణం. టైలరమ్మ రెండు నిద్రలు తీసింది. లేచినప్పుడల్లా ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

“బంగారముందేమో!” అని గొణిగింది.

ఆయన విన్నాడు. “అంత బరువుండదమ్మా,” అని నవ్వాడు.

విమానం దిగగానే ఆయన గబగబా నడిచి వెళ్ళిపోయాడు. టైలరమ్మ తన పెట్టె కోసం తిరిగే బెల్టు దగ్గర గంటన్నర నిలబడింది.

ఆసుపత్రి చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఆ పెద్దాయనే! చేతులు ఖాళీ. అరచేతులు రుద్దుకుంటూ వస్తున్నాడు.

“పెట్టె వచ్చిందామ్మా?” అన్నాడు ఆప్యాయంగా.

“ఆఁ, వచ్చింది,” అని పుల్లవిరిచినట్టు చెప్పి, మొహం తిప్పుకుని లిఫ్టు ఎక్కేసింది.

అయిదో అంతస్తులో అక్క ఎదురొచ్చి గట్టిగా వాటేసుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

“వచ్చేసిందే చెల్లీ! వచ్చేసింది!”

“ఏం వచ్చిందక్కా?”

“పిల్లకి ఎక్కించాల్సిన, కొత్త రక్తం పుట్టించే మూలకణాలు. మన దేశంలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చాడు. దీని ఎముకల్లో మజ్జంతా మందులతో ఎప్పుడో తీసేశారు. ఇవి చెడిపోకుండా, టైముకి అందకపోతే ఇక అంతే అన్నారు. పొద్దుటినుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం.”

అద్దం తలుపు అవతల మంచం మీద పిల్ల కూర్చుని ఉంది. పిన్నిని చూడగానే బోడిగుండు ఊపుతూ బొటనవేలు పైకెత్తింది. టైలరమ్మ చేతిసంచీ తెరిచి, పసుపుపచ్చ టోపీ ఒకటి అద్దానికి ఆనించి చూపించింది. పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

“ఇంక గంటలో ఎక్కిస్తారట. చక్కగా ఉన్నాయి, భయం లేదన్నారు డాక్టరు,” అంది అక్క.

టైలరమ్మకూ కళ్ళు చెమ్మగిల్లాయి. “అంత దూరం నుంచి ఎవరు తెచ్చారక్కా? ఆ చేతులకి దణ్ణం పెట్టుకోవాలి.”

“రిటైరైన బస్సు డ్రైవరట; పైసా పుచ్చుకోకుండా, ఎవరి బిడ్డకో కూడా తెలియకుండా, నువ్వెక్కిన విమానంలోనే రెప్ప వెయ్యకుండా కాపలా కాసి తెచ్చి డాక్టరు చేతిలో పెట్టి, నువ్వు పైకొచ్చిన ఆ లిఫ్టులోనే ఇప్పుడే కిందికి దిగి వెళ్ళాడే!”