తుడిచేసినా ఆగని నజ్లా పాట

బీరూట్‌లో కరెంటు పోవడం వార్త కాదు, ఉండటమే వార్త. ఆ రాత్రి రేడియో కేంద్రంలో వదాద్ ఒంటరిగా, చనిపోయిన మేనత్త నజ్లా పాట పెట్టుకుని కంప్యూటర్‌లో పనికిరాని ఫైళ్లు తుడుస్తోంది. పొరపాటున ఆ పాట మీదే చెయ్యి పడింది. వాడకంలో ఉన్న ఫైలును విండోస్ చచ్చినా తుడవనివ్వదని ఆమె ధీమా. ఈ కొత్త లినక్స్ యంత్రం కిమ్మనకుండా తుడిచేసింది. లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే.

జాబితాలో పేరు లేదు. నజ్లా మాత్రం పాడుతూనే ఉంది.

ఇంజనీరు తౌఫీక్‌కు ఫోన్ చేసింది. "బాబాయ్, ఫైలు పోయింది. అత్త పాడుతోంది!"

"బతికున్నప్పుడు మాత్రం ఆపమంటే ఆపిందా?" ఆయన నవ్వాడు. "పాడే ప్రోగ్రాం ఆ ఫైలును మెమరీలో పరుచుకుంది తల్లీ. పేరు చెరిపినా, అది వదిలేదాకా లినక్స్ లోపలి సరుకును చావనివ్వదు. ఎంత పెద్దమనసో చూడు! ప్రోగ్రాం ఆపకుండా కాపీ తీసుకో."

ఫోన్ పెట్టేయకుండానే ఆయన చెప్పినట్టు చేసింది. కాపీ మొదలైంది. యంత్రాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

అంతలో కింద జనరేటర్ దగ్గి, ఆగిపోయింది. దీపాలు ఆరాయి. కాపీ సగంలో ఉండగానే యంత్రం చల్లబడింది.

చీకట్లో నజ్లా తరువాతి చరణం ఎత్తుకుంది.

"బాబాయ్..."

"నాకూ వినిపిస్తోంది." తౌఫీక్ గొంతు తగ్గించాడు. "ఎవరని అడక్కు తల్లీ. ముందు ఫోన్‌లో రికార్డు చెయ్యి."