మానేసినవాళ్లు

సోమవారం పొద్దున కొల్లేటి వైపు నుంచి వచ్చిన కంపెనీ వ్యానులోంచి నలుగురంటే నలుగురే దిగారు. శనివారం దాకా అదే వ్యానులో ఇరవైమంది ఆడవాళ్లు వచ్చేవారు.

గేటు దగ్గరున్న మేనేజరు సుబ్బారావు వ్యానులోకి తొంగిచూసి, డ్రైవరును మళ్లీ మళ్లీ అడిగాడు. రేవు దగ్గర అరగంట ఆగానని, ఇంకెవరూ పడవ దిగలేదని డ్రైవరు చెప్పాడు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు మీదుంది ఆ రొయ్యల ఫ్యాక్టరీ. తలలు తీసి పొట్టు ఒలిచే పనంతా ఆ ఆడవాళ్లదే. లోపల టబ్బుల్లో రెండు టన్నుల రొయ్య ఐసు కింద ఉంది.

సుబ్బారావు సరాసరి షిరీన్ దగ్గరికి వచ్చాడు. షిరీన్ ఏలూరులో సిబ్బంది వ్యవహారాల కోర్సు, ఎం.హెచ్.ఆర్.ఎం., రెండో సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు కోసం మూడు వారాలుగా ఈ ఫ్యాక్టరీకి వచ్చిపోతోంది. పనివాళ్లు ఉద్యోగాలు ఎందుకు వదిలేస్తారన్నదే ఆమె ప్రాజెక్టు.

"ఇంతమంది ఒక్కసారే ఎందుకు మానేశారో మీ పుస్తకాల్లో ఏమన్నా రాసి ఉందామ్మా?" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

షిరీన్ చదివినవన్నీ గుర్తు చేసుకుంది. జీతం చాలకపోతే మానేస్తారని చదివింది. ఇక్కడ పక్క ఫ్యాక్టరీ కంటే ఎక్కువే ఇస్తున్నారు. పైవాళ్ల నోరు మంచిది కాకపోతే మానేస్తారని చదివింది. సూపర్‌వైజరు బేబీరాణి ఆ ఆడవాళ్లను పిన్నీ, అత్తా అని తప్ప పేరు పెట్టి పిలవదు. రాకపోకలు కష్టమైతే మానేస్తారు. వ్యాను రేవు దాకా వెళ్తోంది. కారణాలన్నీ ఒకటొకటిగా కొట్టేసుకుంటూ పోతే చివరికి ఏమీ మిగల్లేదు.

వచ్చిన నలుగురినీ అడిగింది. ఊళ్లో పెళ్లి ఉందని ఒకామె చెప్పింది. జ్వరాలని ఇంకొకామె చెప్పింది. మూడో ఆమె ఇద్దరి మాటా నిజమేనంది. నాలుగో ఆమె తల వంచుకుని రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చుంది. పెళ్లింట్లో పదహారుమందికీ ఒకేసారి జ్వరం ఎలా వస్తుందో షిరీన్‌కు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి సుబ్బారావు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎల్లుండి లోగా వాళ్లు రాకపోతే జంగారెడ్డిగూడెం వైపు నుంచి కాంట్రాక్టు మీద మనుషుల్ని తెప్పిస్తానని, ఆ తర్వాత వీళ్లొచ్చినా చోటుండదని చెప్పేశాడు. తనకు మాత్రం ఇష్టమా, పైవాళ్లకు ఏం జవాబు చెప్పుకోవాలని బాధపడ్డాడు.

షిరీన్ ఇక ఉండబట్టలేక అదే వ్యానులో బయల్దేరింది. రేవు దగ్గర దిగి, పడవ ఎక్కి కొల్లేటికోట వెళ్లింది. ఫ్యాక్టరీలో అందరికంటే చురుకైన చెయ్యి బుల్లెమ్మది. ఆమె మాటంటే మిగతావాళ్లకు గురి. ముందు ఆమెను కలవాలనుకుంది.

బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని చిరిగిన వలకు ముడులు వేస్తోంది. షిరీన్‌ను చూడగానే లేచి, పీట వేసి, ఉప్పేసిన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మొహంలో కోపం లేదు. పెళ్లి హడావుడీ లేదు, జ్వరమూ లేదు. చుట్టుపక్కల ఇళ్లలోంచి ఇంకో నలుగురైదుగురు వచ్చి గోడవారగా నిలబడ్డారు. అందరూ ఫ్యాక్టరీవాళ్లే.

షిరీన్ నెమ్మదిగా మాట కదిపింది. జీతం సంగతి అడిగితే ఆ జీతంతోనే ఇల్లు గడుస్తోందంది బుల్లెమ్మ. బేబీరాణి సంగతి అడిగితే అంత మంచిపిల్ల దొరకదంది. పని కష్టంగా ఉందా అంటే, చెరువులో మెడలోతు నీళ్లలో నిలబడినవాళ్లం, నీడపట్టున కూర్చుని చేసేది కూడా ఒక కష్టమేనా అంది. చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

షిరీన్ పీట ముందుకు జరుపుకుంది.

"అన్నీ బాగుంటే మరి ఎందుకు మానేశారండీ, బుల్లెమ్మగారూ?"

"మేమెక్కడ మానేశామండీ? మీరే కదండీ తీసేశారు."

షిరీన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. తానింకా చదువుకుంటున్న పిల్లనని, ఆ ఫ్యాక్టరీలో తనకంటూ ఒక కుర్చీ కూడా లేదని, ఎవరినీ తీసేసే అధికారం తనకెక్కడిదని చెప్పింది. గోడవారగా ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ మాట ఎవరూ నమ్మినట్టు లేదు.

బుల్లెమ్మ వల పక్కన పెట్టింది. ఎదుటి మనిషి నొచ్చుకోకూడదన్నట్టు నిదానంగా మాట్లాడింది.

"నిరుడు మా చెరువుగట్లు కొట్టేసే ముందు కూడా ఇలాగేనండీ. గవర్నమెంటోళ్లు కాగితాలు పట్టుకుని వచ్చి, కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా మాట్లాడి వెళ్లారు. మాకా మాత్రం తెలీదాండీ? మొన్న శనివారం మీరు మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ పక్కకి పిలిచి అడిగారు. డ్యూటీ టైమైపోయి, ఇవాళ పనికొచ్చిన ఆ నలుగురినీ అడగలేదు గానీ, అడిగుంటే వాళ్లూ ఆగిపోదురు."

"నేను ప్రాజెక్టు ప్రశ్నలు అడిగానండీ. అందులో ఏముందని?"

"'ఈ ఉద్యోగం మానేసే ఆలోచన ఏమైనా ఉందాండీ' అని మీ నోటితో మీరే అడిగారు కదమ్మా. రేపట్నుంచి రావద్దని చెప్పడానికి అంతకంటే మర్యాద ఇంకేముంటుందండీ?"