మిగిలిన చుట్లు

"అరవై నాలుగు! అయిపోయింది, ఇంక ఆగండి!" బట్టలు కుట్టే ఆవిడ ఒళ్ళోని ఆఖరి గుండీని డబ్బాలో వేసేసింది.

భర్త రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "యాభై. ఈసారి నేనూ లెక్కపెట్టుకున్నాను."

ఏటా పుట్టినరోజున వయసెంతో అన్ని చుట్లు ఈ మైదానం చుట్టూ పరిగెత్తడం ఆయన పంతం. చుట్టుకో గుండీ చొప్పున లెక్కపెట్టడం ఆవిడ పని.

"మధ్యలో రెండేసి వేశాను," అంది తలెత్తకుండా.

"ఎన్నేళ్ళుగా ఈ నాటకం?"

"నాలుగేళ్ళు. మీరు కళ్ళు తిరిగి పడ్డప్పటి నుంచి."

"ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నానే! పరువు తీశావు కదే!"

"'ఏ ఏడు చుట్లు తక్కువైతే అదే నా ఆఖరి ఏడు' అన్నది ఎవరు?"

"ఏదో సరదాకన్నాను. అయినా దొంగలెక్కతో ఆయుష్షు పెరుగుతుందా?"

"దొంగలెక్కేం కాదు. తగ్గినవన్నీ మర్నాడు నేను నడిచేదాన్ని."

ఆయన కోపం చప్పున చల్లారిపోయింది. పుట్టినరోజు వెళ్ళిన మర్నాడల్లా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మూలిగేది. కూర్చుని గుండీలు వేసినందుకే ఇంత నొప్పా అని తను పడీపడీ నవ్వేవాడు.

ఆవిడ డబ్బాకి మూత పెట్టి, నేలకి చెయ్యి ఆనించి లేవబోయింది. లేవలేకపోయింది. ఆయన రెండు చేతులూ పట్టి లేపాడు.

"పద్నాలుగే కదా, రేపు నడిచేస్తాలెండి," అందావిడ.

వద్దని చెప్పాలనుకున్నాడు. సరదాకన్న ఆ మాట గుర్తొచ్చి తనకే భయమేసి, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.