దేవదూతల ఊపిరి

దగ్గరికి జరగండి. ఇంకా దగ్గరికి. ఇది మైకులో చెప్పే సంగతి కాదు. మైకులు జయపాల్ పాస్టరుకే ఉండనివ్వండి.

అయిజ దగ్గర మా మందిరానికి పాస్టరు ఆయన. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నల్ల అద్దాలు. గొంతు సవరించుకోవడానికే సగం పూట పట్టేది. సంఘం పెరిగితే తన గొప్ప, తరిగితే మా పాపం. ప్రతి ఆదివారం ఒక పాట పాడేవాడు.

"ఈ పాట నాకెవరూ నేర్పలేదు. ఊహ తెలియకముందే పరలోకం నుంచి నా నోట్లో పడింది!"

పాట నడుమ ఒకచోట ఆగి, కళ్లు మూసి, వేలు పైకెత్తేవాడు. "ఇక్కడ దేవదూతలు ఊపిరి తీసుకుంటారు!" అందరూ హల్లెలూయా అనేవారు. వెనక చాప మీది సావిత్రమ్మ మాత్రం మొహం పక్కకు తిప్పి, కొంగుతో మూతి తుడుచుకునేది. ముసలిదానికి భక్తి లేదని పాస్టరు భార్య గీత గుసగుసలాడేది.

సావిత్రమ్మ ఎవరంటారా? విత్తన పత్తి చేన్లలో కూలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు తాకించి, గుర్తుగా దారం కట్టాలి. దారం లేని కాయను ఏరేటప్పుడు పనికిరాదని పక్కన పడేస్తారు. ఆమె పువ్వు తర్వాత పువ్వు తాకిస్తూ యేసయ్య మాట చెప్పుకుంటూ పోయేది. పక్క సాలు ఆడవాళ్లు నవ్వేవారు. పెద్దలు వినకపోతే గట్టు మీది పిల్లలకు చెప్పేది, నోటినిండా ఆకువక్కతో. ఎన్నేళ్లు చెప్పినా, ఆమె మాట విని మందిరం గడప తొక్కిన మనిషిని మేమెవరం చూడలేదు.

ఈ ఏడు పత్తి పూతకు రాగానే పాస్టరు ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు.

"సావిత్రమ్మా, ఇంగ చేన్లల్ల సువార్త బంద్ చెయ్యి. ఆకు నమిలిన గా ఎర్ర పండ్లేసుకొని మందిరం పేరు చెప్తే మనల్ని ఎవరు లెక్క చేస్తరు?"

"గదొక్కటి ఆపకయ్యా. నా పానమే అది."

"అయితే నీ దారం కట్టిన కాయ ఒక్కటి చూపియ్. నీవల్ల నమ్మినోడు ఒక్కడు! చూపిస్తే పో."

సంఘమంతా ఆమె వైపు తిరిగింది. ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"దారం కట్టుడు మరిచిన పువ్వు గూడ కాయైతది కదయ్యా. తాకిచ్చుడే నాది. కాయ చేసుడు దేవుని పని."

"చూసిండ్రా? ఒక్కడు లేడు!" అని పగలబడి నవ్వాడు పాస్టరు. గెలిచిన సంబరంలో ఆ పాటే ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున సావిత్రమ్మ ఎప్పటిలాగే కూలీల ఆటో ఎక్కింది.

"ఏందత్తా, పాస్టరు వద్దన్నడంట గదా?" అంది పక్కన కూర్చున్న నవనీత.

"మందిరం పేరు చెప్పొద్దన్నడు బిడ్డా. యేసయ్య పేరు గూడ ఆయన సొంతమా?"

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్క మాత్రం వదలకండి: జయపాల్ తల్లి బుజ్జమ్మ సాలులో పువ్వులు తాకిస్తుంటే, గట్టు మీద చీర ఉయ్యాలలో వాణ్ని ఊపుతూ ఆ పాట కట్టి పాడింది సావిత్రమ్మే, దేవదూతలు ఊపిరి తీసుకునే ఆ చోటు ఆమె ఆకు రసం ఉమ్మడానికి ఆగిన చోటు.