పునాది ముగ్గు

గురువారం పొద్దున్నే జడ్చర్ల దగ్గరి మా ఊళ్లో నా భార్య మల్లిక కొత్త ఇంటికి పునాది ముగ్గు పోయించింది. జవాన్లకిచ్చే ఇంటి లోను నాకు మంజూరైంది. నేను అప్పుడు సరిహద్దులో డ్యూటీలో ఉన్నాను. ముగ్గు చూడమని వీడియో కాల్ చేసింది.

కూలీలు ఆ జాగాలో మా అన్న పర్వతాలు కట్టుకున్న మేకల కొట్టం పీకుతుంటే ఆయన ఉరికొచ్చాడు.

“ఎవల్నడిగి పీకుతున్నవ్? మొగడు మిలిట్రీల ఉంటే ఊరంత నీదేనా?”

“ఉమ్మడి జాగల ఇల్లు కట్టుకొమ్మని నువ్వే సంతకం పెట్టినవ్ గద బావా. గా కాయితం చూసే బ్యాంకోళ్లు లోనిచ్చిన్రు.”

“నేనా? దొంగముండా!”

“పెట్టిన చేతికి మతిమరుపా? కల్లు దిగినంక మల్ల అడుగుత తీ,” అని మల్లిక నవ్వింది.

అన్న కూలీ చేతిలోని పార గుంజుకుని ఆమె తల మీద కొట్టాడు. పడిపోయాక ఇంకా రెండుసార్లు కొట్టాడు. తల పగిలిన చప్పుడు నాకు వినపడింది. ఫోను ముగ్గు పక్కన పడింది. తెల్లటి సున్నం ఎర్రబడటం చూశాను. ఎంత అరిచినా నా గొంతు ఎవరికీ వినపడలేదు.

మల్లిక పోయి నిన్నటితో పదకొండు రోజులు. దినాలు చేయడానికి నేను ఊరికొచ్చాను. తానే సంతకం పెట్టి కాదన్నాడని జైల్లో ఉన్న అన్నను ఊరంతా తిడుతోంది.

అన్న తన పేరు కూడా కూడబలుక్కుని రాస్తాడు. “చదువుకున్నోనివి, నువ్వే గీకు తమ్మీ” అనేవాడు. ఆయన సంతకాలన్నీ చిన్నప్పటి నుంచి నేనే పెట్టాను. సెలవు అయిపోతోందని ఈ ఒక్కటి మాత్రం అడగకుండా పెట్టాను. అన్న ఒప్పుకున్నాడని మల్లికకు చెప్పాను.

రేపు పొద్దున ఠాణాకు వెళ్లి ఆ సంతకం నేను పెట్టిందేనని రాసిస్తాను.