చీటీ మీద నంబరు

అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశాను.

"ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఆ ఓటీపీ వాడికి చదివి వినిపించేదానివి! లక్కీడ్రాలో కారొచ్చిందనగానే నమ్మేయడమేనా?"

"మర్యాదగా మాట్లాడాడురా," అంది అమ్మ.

"దొంగ మర్యాదగా కాక బూతులు తిడతాడా? మా బ్యాంకులో రోజూ నీలాంటివాళ్లే వచ్చి లబోదిబోమంటారు. గోడ మీద ఇంత బోర్డు పెట్టాం, ఒక్కరూ చదివి చావరు. వయసొస్తే సరా, బుద్ధుండొద్దూ?"

"చాల్లెండి," అంది గుమ్మంలో నిలబడ్డ నా భార్య.

నేను ఆగలేదు. "కొనని టికెట్‌కి లాటరీ ఎలా తగులుతుందమ్మా? నువ్వెప్పుడైనా చీటీ రాశావా?"

"నేనెందుకు రాస్తాను? నువ్వు రాశావటగా, టీవీ కొన్న షాపులో. నీ పేరు, మన ఇంటి అడ్రసు పొల్లుపోకుండా చెప్పాడు. నీకు కారొచ్చిందంటే సంబరపడ్డాను."

నేను చేతిలోని ఫోన్‌వైపు చూపు తిప్పుకున్నాను.

"మరి ఫోను నాకెందుకొచ్చిందో అర్థం కాలేదు," అంది అమ్మ.

నా భార్య నావైపే చూస్తూ చెప్పింది. "తన నంబరు రాస్తే అడ్డమైనవాళ్లూ ఫోన్ చేసి విసిగిస్తారని మీ నంబరు రాశారత్తయ్యా. వద్దంటే, 'అమ్మ ఖాళీయేగా' అన్నారు."

నా చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. అమ్మకిద్దామని చాపాను. ఆవిడ అందుకోలేదు.

"మాట్లాడు నాయనా. నీకు రావలసిన ఫోనేగా."