దూలం వెనక రంపం

"ఆ పొదల్ని కొయ్యాలమ్మా. కొయ్యకపోతే ఇక కాయవు."

కంచె అవతల ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పాత దూది కుక్కిన కోటు, ఖాళీ చేతులు.

1957 మార్చి నెల. లాట్వియా పల్లెల్లో మంచు కరిగి బురద మిగిలే రోజులు.

వెల్తా నవ్వింది. "ఇప్పుడు మాత్రం ఏం కాస్తున్నాయి పెద్దాయనా? ఎనిమిదేళ్లుగా ఆకులే. దోసకాయలు ఊరబెట్టేటప్పుడు వేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు."

పెరట్లో వరసగా మూడు బ్లాక్‌కరెంట్ పొదలు, గుత్తులుగా నల్లటి పుల్లని పళ్లు కాసే రకం. పచ్చగా ఉన్న కొమ్మను కొయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. మొగుడికి తీరిక చిక్కలేదు.

అసలు ఆ పొదలు వాళ్లు నాటినవి కావు. ఇల్లే సర్కారు ఇచ్చింది. వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె కూడా అలాగే ఉంది. ఎవరిదని వాళ్లు అడగలేదు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

"నేను కోసిపెడతాను. ఒక గిన్నెడు సూపు పొయ్యండి, చాలు."

"సూపుదేముంది, రండి."

పొయ్యి మీద దొరికిన ఆ గిన్నెలోనే సూపు పెట్టి, వెల్తా కిటికీలోంచి చూసింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, నల్లబడ్డ ముదురు కొమ్మల్ని నేల మట్టానికి కోసేస్తున్నాడు. లేతవాటిని ఉంచుతున్నాడు. కోసిన కొమ్మల వాసన వంటింటి దాకా వచ్చింది.

రెండు పొదలు అయ్యేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. ఖాళీ చేతులతో వచ్చిన మనిషికి రంపం ఎక్కడిది?

బయటికి వెళ్లి అడిగింది.

"పాకలోదేనమ్మా. తలుపు పైన, దూలం వెనక ఉంది."

"మా పాకలో రంపం లేదు. ఎనిమిదేళ్లుగా ఊడుస్తున్నాను, నాకు తెలీదా?"

"కింద నుంచి కనబడదమ్మా."

కిందటి చలికాలం ఆ పాకలోంచే రెండు బస్తాల బంగాళాదుంపలు పోయాయి. వెల్తాకు ఒళ్లు మండిపోయింది.

"మాకు కనబడనిది నీకెలా కనబడిందయ్యా? అయితే దుంపలెత్తుకుపోయింది నువ్వేనన్నమాట. ఈసారి ఏం పట్టుకుపోదామని వచ్చావు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంటి వంక చూశాడు. కిటికీలో వెల్తా కూతురు అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.



"ఆ మూడోది కూడా కోసేసి వెళ్తానమ్మా."

"అక్కర్లేదు. నడు."

పాకలోకి వెళ్లి రంపం పెట్టేసి వచ్చాడు. నేల మీద పడ్డ కొమ్మల్లోంచి జానెడు ముక్క ఒకటి ఏరుకున్నాడు.

"ఇదొక్కటి తీసుకెళ్తాను. నాటుకుంటాను."

"ఎక్కడ?"

"ఎక్కడ చోటిస్తే అక్కడ."

"కింద పెట్టు."

పెట్టాడు. సూపు తాగకుండానే వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది జూలైలో ఆ రెండు పొదలూ విరగకాశాయి. మూడోది ఎప్పటిలాగే ఆకులు.

జామ్ సీసాలకు మూతలు పెడుతుంటే ముసలాయన గుర్తొచ్చి వెల్తాకు మనసు పీకింది. ఊళ్లో వాకబు చేసింది. కొందరు తెలియదన్నారు. తెలిసినట్టున్నవాళ్లు మాట మార్చారు. సర్కారు ఇళ్లు లాక్కుని సైబీరియాకు తోలేస్తే, ఆ మధ్య అక్కణ్ణుంచి తిరిగొస్తున్నవాళ్ల ఊసు ఊళ్లో ఎవరూ పైకి ఎత్తరు.

మళ్లీ మార్చి వచ్చింది. మూడో పొద తనే కోద్దామని వెల్తా పాకలో స్టూలెక్కి దూలం వెనక తడిమింది. నూనె గుడ్డలో పొందికగా చుట్టిన రంపం చేతికి తగిలింది.

వెలుతురులోకి తెచ్చి గుడ్డ విప్పింది. పిడి మీద కాల్చి వేసిన రెండక్షరాలు, వాటి కింద 1931.

 ఎక్కడని వెతకాలి, ఎవరికని చెప్పాలి?

అవే రెండక్షరాలు, అదే అంకె, ఇన్నేళ్లుగా ప్రతి శనివారం తను తడిగుడ్డతో తుడిచే ఇంటి గుమ్మం పైన చెక్కి ఉన్నాయి.